సహోదరుడు భక్తసింగ్

విజయవాడనుండి వచ్చు రహదారి తూర్పువైపునుండి హైదరాబాదు నగరమున ప్రవేశించును. ఆ దారిని వచ్చు బాటసారికి మొదట ఎల్.బి. నగర్, పిమ్మట దిల్‌సుఖ్‌నగర్ కనబడును. దారికి ఇరుప్రక్కల వస్త్రముల దుకాణములు, బంగారు నగల అంగళ్లు, విద్యార్థులతో క్రిక్కిరిసిన శిక్షణాలయములు బారులు తీరియుండును. పైన మెట్రో రైలు పరుగెత్తుచుండును; క్రింద జనులు ఒకరినొకరు త్రోసికొనుచు నడచుచుందురు. మానవునకు ధనమే ఆధారమని ఆ వీథి యెల్లవేళల చాటుచున్నట్లుండును.

ఆ దారినే ముందునకు సాగి, మూసీనదిని దాటి, ముషీరాబాదువైపు మరలినచో గోల్కొండ చౌరస్తా వచ్చును. అచ్చట హెబ్రోను అను ప్రార్థనామందిరము కలదు. తనదని చెప్పుకొనుటకు ఇల్లుగాని పొలముగాని లేని యొక మనుజుడు సుమారు ఏబది సంవత్సరములు ఆ మందిరమునే తన నెలవుగా చేసికొని జీవించెను. ఆయనయే భక్తసింగ్. తెలుగు క్రైస్తవులు ఆయనను సహోదరుడు భక్తసింగ్ అని ప్రీతితో పిలుచుచుండిరి.

ఆయన తెలుగువాడు కాడు. 1903వ సంవత్సరము జూన్ 6వ తేదీన పంజాబులోని జోయియా అను గ్రామమున జన్మించెను. ఆ ప్రాంతము ఇప్పుడు పాకిస్తానులో నున్నది. తండ్రి జవాహర్ మల్ సంపన్నుడైన వర్తకుడు. తల్లి లక్ష్మీబాయి దైవభక్తి గల ఇల్లాలు. వారు తమ జ్యేష్ఠపుత్రుని సిక్కు సంప్రదాయమున పెంచిరి. బాలుడును ఆ మతమునందు మిక్కిలి శ్రద్ధ గలవాడై గురుద్వారమునకు పోవుచు, పేదలకు సేవచేయుచుండెను.

అతడు చదివినది క్రైస్తవ మిషను పాఠశాల. అయినను అతనికి క్రైస్తవమతమనిన గిట్టదు. ఒకమారు అతనికి బైబిలు గ్రంథము బహుమానముగా లభించెను. దాని తోలు అట్ట చూచుటకు ముచ్చటగా నుండెను. ఆ బాలుడు అట్టను దాచుకొని, లోపలి పుటలను చించి పారవేసెను. ఏ గ్రంథమును అట్లు చించెనో, ఆ గ్రంథమే తరువాత డెబ్బది యేండ్లు తన చేతినుండి విడువకుండునని అతడు కలనైనను ఎరుగడు.

కళాశాల చదువు ముగియగానే అతనికి ఇంగ్లండు వెళ్లి ఇంజనీరు కావలయునని కోరిక కలిగెను. కుమారుడు తన వ్యాపారమున తోడుగా నుండవలెనని తండ్రి ఆశ. విదేశమునకు పోయినచో మతము మారునేమో యని తల్లి భయము. మతమును విడువనని తల్లికి మాట యిచ్చి, ఆమె సమ్మతి పొంది, 1926వ సంవత్సరమున అతడు ఓడ నెక్కెను.

లండనులో అతని జీవితము మారిపోయెను. గడ్డము, జుట్టు తీసివేసెను. వెలగల దుస్తులు కుట్టించుకొనెను. పొగ త్రాగుట, మద్యము సేవించుట అలవడెను. తండ్రి పంపు ధనముతో విలాసముగా కాలము గడపి, దేశములు తిరిగెను. కోరినదెల్ల చేతికందుచుండెను, కాని మనస్సునకు శాంతి మాత్రము లభింపలేదు. ధనము కొనిపెట్టగల వస్తువులన్నిటిని చూచినవాడు గనుక, అది కొనిపెట్టలేనిది యొకటి యున్నదని అతనికి స్వానుభవముచేతనే తెలిసివచ్చెను.

1928వ సంవత్సరమున అతడు కెనడాకు ఓడలో ప్రయాణము చేయుచుండగా, ఆ ఓడలో క్రైస్తవుల ఆరాధన జరిగెను. కుతూహలముతో పోయి కూర్చుండెను. ఉపన్యాసము సాగుచుండగా నిద్రపోయెను. మేల్కొని చూచునప్పటికి అందరును మోకరించి ప్రార్థించుచుండిరి. తాను మోకరించుటకు మొదట అతని అభిమానము అడ్డువచ్చెను. తుదకు మోకరించెను. ఆ క్షణమున తన హృదయమున ఏదియో గొప్ప మార్పు కలిగెనని ఆయన జీవితాంతము చెప్పుచుండెను. మరుసటి సంవత్సరము వ్యవసాయ ఇంజనీరింగు చదువుటకై కెనడాలోని విన్నిపెగ్ నగరమునకు వెళ్లెను. అచ్చట ఒక మిత్రుని అడిగి చిన్న క్రొత్తనిబంధన గ్రంథమును సంపాదించి, రాత్రింబవళ్లు చదివెను. 1932వ సంవత్సరము ఫిబ్రవరి 4వ తేదీన వాంకూవరు నగరమున బాప్తిస్మము పొందెను.

ఆ సంవత్సరముననే ఆయన తన జీవితమునకు మూడు నియమములను ఏర్పరచుకొనెను. పంజాబులోని పిత్రార్జితమునందు తన హక్కును విడిచివేయుట మొదటిది. ఏ మిషను సంస్థయందును ఉద్యోగిగా చేరక అందరికిని సమానముగా సేవచేయుట రెండవది. తన యిష్టానుసారము కాక దేవుడు నడిపినట్లు నడచుట మూడవది. వీనితోపాటు, తన అక్కఱలను దేవునికి తప్ప నరులకు తెలుపకుండుట ఆయనకు వ్రతమయ్యెను. జీతము లేదు, ఆస్తి లేదు, అడుగుటయు లేదు.

ఈ నియమములను దూరదేశమున చేసికొనుట సులభము. వానికి పరీక్ష స్వదేశమున కాచుకొనియుండెను.

1933వ సంవత్సరము ఏప్రిల్ మాసమున ఆయన బొంబాయి రేవున దిగెను. ఏడేండ్లుగా కుమారుని కొఱకు ఎదురు చూచిన తల్లిదండ్రులు అంతదూరము వచ్చి కలిసికొనిరి. అతడు క్రైస్తవుడగుట వారికి ముందే తెలిసియుండెను. వారు కోరినది ఒక్కటే: కుటుంబ గౌరవము కొఱకై ఆ సంగతిని రహస్యముగా నుంచుకొనవలెను. అట్లు చేసినచో ఇల్లు, ఐశ్వర్యము, బంధువర్గము సర్వము అతనివే. వారి కోరికలో దురుద్దేశము లేదు. వారి దుఃఖము అల్పమైనదియు కాదు. తల్లికి యిచ్చిన మాట తప్పితినను బాధ కుమారునకు లేకపోలేదు. కాని తాను ప్రాణముగా నెంచిన దానిని దాచి బ్రతుకుట ఆయనకు సాధ్యము కాలేదు. తల్లిదండ్రులు ఆయనను ఆ నగరమున విడిచి వెళ్లిపోయిరి. కొంతకాలమునకు తండ్రి కుమారుని అర్థము చేసికొని, తానును ఆ విశ్వాసమునే స్వీకరించెను. కాని ఆ దినమున ఆ సంగతి ఎవరికి తెలియును? ఇంజనీరు చదువు చదివిన ధనికుని కుమారుడు బొంబాయి వీథులలో ఒంటరిగా మిగిలెను.

ఆయన వెనుదిరుగలేదు. బొంబాయిలోను కరాచీలోను వీథి వీథి తిరిగి, కూలివారికిని పాకీపనివారికిని బోధించెను. 1937వ సంవత్సరమున పంజాబులోని మార్టిన్‌పూరులో ఆయన బోధవలన గొప్ప ఉజ్జీవము కలిగెను. తరువాత దక్షిణదేశమునకు వచ్చెను. 1941వ సంవత్సరమున మద్రాసు చెంతనున్న పల్లావరము కొండపై మిత్రులతో కూడి రాత్రియంతయు ప్రార్థించి, మద్రాసులో యెహోవా షమ్మా అను మందిరమును స్థాపించెను. 1950 ప్రాంతమున హైదరాబాదులో హెబ్రోను వెలసెను.

హెబ్రోనులో ఏటేట పరిశుద్ధ సమావేశములు జరుగుచుండెను. ఆంధ్ర తెలంగాణములనుండియే కాక, ఇతర రాష్ట్రములనుండియు వేలకొలది జనులు వచ్చి అనేకదినములు నిలిచియుండువారు. వారికి పందిళ్లు వేయవలెను. పూటపూటకు అన్నము పెట్టవలెను. అంత జనమునకు బియ్యము, పప్పు, కట్టెలు సమకూర్చుట ప్రభువులకైనను భారమే. అయినను ఆయన చందాల పుస్తకము త్రిప్పలేదు. వేదికపై ధనము నర్థింపలేదు. ధనవంతుల గుమ్మము త్రొక్కలేదు. తోటి సేవకులతో మోకరించి ప్రార్థించెడివాడు. ఇచ్చువారు తమకు తోచినది కానుకపెట్టెలో వేసెడివారు. వారి యిచ్చకు విడిచిన ఆ కానుకలతోనే సమావేశములు సాగెను.

ఇచ్చినవారు మనుష్యులే కదా, ఇందు దైవముపై ఆధారపడుట యేమున్నదని ఎవరికైనను సందేహము కలుగవచ్చును. దానికి సమాధానము ఆ భోజనపంక్తిలోనే యుండెను. ధనమడిగినవాడు ఇచ్చినవానికి లోబడును. గొప్ప దాతకు ముందు పీఠము వేయక తప్పదు. ఎవరిని అడుగనివానికి ఎవరి మొగమోటమియు లేదు. కావుననే హెబ్రోనులో అందరును పాదరక్షలు వెలుపల విడిచి, ఒకే చాపపై కూర్చుండిరి. ఉద్యోగియు కూలివాడును, నానా కులములవారును ఒకే వరుసలో భుజించిరి. పేదవాడు అచ్చట తలవంచుకొనవలసిన అవసరము కలుగలేదు. ఆస్తిని విడిచి ఆయన సంపాదించిన స్వాతంత్ర్యము ఇట్టిది.

ఆయన బోధవలన దేశవిదేశములలో వందలకొలది సంఘములు ఏర్పడెను. వార్ధక్యమున పార్కిన్సన్ వ్యాధి ఆయనను పడకకు పరిమితము చేసెను. గంటలకొలది బోధించిన కంఠము క్రమముగా మూగవోయెను. కూడబెట్టిన ధనము లేని ఆ వృద్ధుని తోటి విశ్వాసులు కన్నతండ్రివలె కనిపెట్టి సేవించిరి. 2000వ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీన, 97 ఏండ్ల వయస్సున, హెబ్రోనులోనే ఆయన తుదిశ్వాస విడిచెను. అంత్యయాత్రకు జనులు తండోపతండములుగా వచ్చిరి. ఆయన దేహము నారాయణగూడ శ్మశానవాటికలో విశ్రమించుచున్నది.

ధనము జీవయాత్రకు అవసరమైన సాధనము. దానిని న్యాయముగా ఆర్జించుట తప్పు కాదు. కాని దానినే ఆధారముగా నమ్మినవాడు దానికి దాసుడగును. బొంబాయి రేవున ఒక్క మాట దాచినచో సర్వమును దక్కెడి సమయమున, భక్తసింగ్ సత్యమును వరించి సంపదను విడిచెను. పిమ్మట అరువది యేడేండ్లు, దినదినము ఆ విశ్వాసముననే జీవించి, తన నిర్ణయమును సార్థకము చేసికొనెను.