ఇంటిని ఆవమున కర్పించిన కుమ్మరి

కుండను చేసిన చేతికంటె కొనిన చేతికే లోకమున గౌరవ మెక్కువ. ఈ తారతమ్యమును దలచినప్పుడెల్ల మాకు ఫ్రాన్సు దేశపు కుమ్మరి బెర్నార్డు పలిసీ చరిత్రము జ్ఞప్తికి వచ్చుచుండును.

ఆతడు 1510 ప్రాంతమున నైరృతి ఫ్రాన్సున జన్మించెను. కులవృత్తిచే కుమ్మరి కాడు. గాజుపలకలపై చిత్తరువులు వ్రాయుటయు, భూములు కొలిచి పటములు గీయుటయు నాతని జీవనాధారములు. గ్రీకు, లాటిను భాషల నెఱుగడు. పెక్కు సీమలు తిరిగి తుదకు సెంత్ పట్టణమున కాపురము పెట్టెను. తెల్లని గాజుపూతతో మెఱయు మట్టిగిన్నె యొకటి కంటబడినది మొద లాతనికి వేఱు చింత లేకపోయెను. మట్టిపని తెలియదు, ఆవమును కాల్చు విధము తెలియదు, చెప్పువారు లేరు.

కుండలను కొని పగులగొట్టి, ఒక్కొక్క పెంకుపై నొక్కొక్క మిశ్రమమును పూసి, గుర్తు పెట్టి కాల్చి చూచెను. కుమ్మరుల ఆవములలోని వేడి చాలదని గ్రహించి గాజు కరగించువారి కొలుములకు బంపెను. ఏండ్లు గడచిన పిమ్మట మూడువందలకు మించిన పెంకులలో నొక్కదానిపై పూత కరిగి తెల్లగా మెఱసెను.

ఆ యొక్క పెంకును నమ్ముకొని ఆతడు సొంత ఆవమును కట్టెను. కూలి నిచ్చుకొను శక్తి లేక యిటుకలు తానే మోసెను. ఆరు పగళ్లు, ఆరు రాత్రులు మండించినను పూత కరగలేదు. మిశ్రమము తప్పని యెంచి, మంట నార్పకయే క్రొత్తది నూరి, వేఱు కుండలకు పూసి ఆవమున నుంచెను. అంతలో కట్టెలు తీఱెను. తోటలోని ఊతకఱ్ఱలు, ఇంటిలోని బల్లలు, నేలకు పఱచిన పలకలు సైతము మంటపాలయ్యెను. ఊరివారు కొందఱు పిచ్చివాడనిరి. కొందఱు దొంగనాణెములు చేయుచున్నాడనిరి.

లోకులు ఈ ఘట్టమునే కొనియాడుదురు. ఇదియే యాతని గొప్పతనమని మేము తలంపము. ఆ మంటలో ఆలుబిడ్డల సుఖమును కాలిపోయెను. బల్లలను కాల్చుటకు తెగువ చాలును. బూడిదలో తన తప్పును వెదకుటకు వేఱొక గుణము కావలెను. ఒకసారి ఆవపు గోడలలోని చెకుముకిఱాళ్లు పగిలి, కరిగిన పూతలో గుచ్చుకొనెను. చౌకగా కొనువారున్నను, తన పేరునకు మచ్చ యని సరకంతయు పగులగొట్టెను. మఱియొకసారి ఎగసిన బూడిద పూతపై బడెను. నాటినుండి పాత్రలను మట్టిపెట్టెలలో నుంచి కాల్చెను. పళ్లెములపై తీర్చిన పాముల రంగు కరగకమునుపే బల్లుల పచ్చరంగు మాడిపోవుచుండెను. అన్ని రంగులను ఒకే మంటలో పక్వమునకు దెచ్చుసరికి పదునాఱేండ్లు కావచ్చెను.

చేపలు, పాములు, గవ్వలు, ఆకులు సజీవములై తోచు ఆ పళ్లెములు రాజాశ్రయమును తెచ్చెను. ప్రొటెస్టెంటు మతస్థుడగుటచే చెఱబడినను ఆ యాశ్రయమే కాచెను. పారిసున 1575 మొదలు పండితుల కుపన్యాసము లిచ్చెను. ఊటలకు వాననీరే మూలమనియు, శిలలలోని గవ్వలు ఒకప్పుడు ప్రాణులే యనియు బోధించెను. 1580లో ప్రకటించిన గ్రంథమున తన పరాజయములను దాచక వ్రాసెను. కాని పూతలోని తగరము, సీసము మున్నగు వానిని పేర్కొనియు పాళ్లను చెప్పలేదు. ఇది యాతని లోపమే. 19వ శతాబ్దమున తూర్ నగరపు కుమ్మరి అవిస్సో ఆ విద్యకై మరల నేండ్ల తరబడి శ్రమింపవలసి వచ్చెను.

వృద్ధాప్యమున మతము మార్చుకొన నొల్లక, 1590 ప్రాంతమున బాస్టీలు చెఱసాలలో పలిసీ కన్నుమూసెను. ఆతని పళ్లెములు నేడు లూవ్రు ప్రదర్శనశాలలో నున్నవి. చేతిపనివాని విద్యకు విలువ కట్టువారు ఆతని యోటములను గూడ లెక్కింపవలెను. ఆ విద్యను నేర్చినవారు దానిని పాళ్లతో సహా ముందువారి కప్పగింపవలెను. ఈ రెండును మఱచిన సమాజము ప్రతి తరమునను తన బల్లలను తానే కాల్చుకొనవలసి వచ్చునని మా విశ్వాసము.