తప్పు పైలట్‌ది కాదన్న ఫిట్స్

పోయిన ఎండాకాలం సెలవుల్లో మా నాన్న మీద అరిచాను. మాకు ఊళ్లో ఎరువుల షాపు ఉంది. అక్కడి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో పాత స్టాక్ చూడాలంటే రిపోర్ట్స్ మెనూ తెరవాలి. అందులో స్టాక్ అనే లైన్ మీద మౌస్ పెడితే పక్కన ఇంకో మెనూ వస్తుంది. మనకి కావాల్సింది ఆ రెండో మెనూలో అట్టడుగున ఉంటుంది. నాన్న మౌస్‌ని ఏటవాలుగా కిందికి లాగేవాడు. దారిలో పాయింటర్ వేరే లైన్‌ని తాకగానే పక్క మెనూ మాయం. మళ్లీ మొదటి నుంచి. నాలుగోసారికి నాకు ఓపిక పోయి, మౌస్ పట్టుకోవడం కూడా రాదా అనేశాను. అప్పుడు షాపులో ఇద్దరు రైతులు కూడా ఉన్నారు. నాన్న ఏమీ మాట్లాడలేదు.

తర్వాత సెమిస్టర్‌లో ఫిట్స్ లా వచ్చింది. మనకి అది రెండు మార్కుల ఫార్ములా, అంతే. ఆ పేరు వెనక మనిషి ఎవరా అని వెతికి చదివాను. (నాది ఇంగ్లీష్ మీడియం తెలుగు, కాస్త సర్దుకోండి.)

పాల్ ఫిట్స్ 1912లో అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో, మార్టిన్ అనే ఊళ్లో పుట్టారు. ఆయన ఇంజినీర్ కాదు, సైకాలజీ మనిషి. రాచెస్టర్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేశారు. రెండో ప్రపంచ యుద్ధం ఆయన్ని ఎయిర్‌ఫోర్స్‌లోకి లాగింది. యుద్ధం అయ్యాక ఓహాయో రాష్ట్రంలోని రైట్ ఫీల్డ్‌లో సైకాలజీ విభాగానికి పెద్దగా ఉన్నారు.

ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే. అప్పట్లో విమానం దెబ్బతింటే రిపోర్టులో పైలట్ పొరపాటు అని రాసి ఫైలు మూసేసేవాళ్లు. ఫిట్స్, ఆయన సహచరుడు రిచర్డ్ జోన్స్ కలిసి పైలట్లనే అడిగారు, అసలు ఏం జరిగిందో చెప్పమని. కంట్రోల్స్ వాడటంలో జరిగిన 460 పొరపాట్లు పోగుచేసి 1947లో రిపోర్ట్ ఇచ్చారు. వాటిలో సుమారు సగం ఒకే రకం: ఒకదానికి బదులు ఇంకోటి పట్టుకోవడం. విమానం దిగాక రెక్కల ఫ్లాప్స్ పైకి లేపబోయి, పక్కనే ఉన్న చక్రాల లివర్ లాగేయడం లాంటివి. లివర్లు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, పక్కపక్కనే ఉంటాయి, ఒక్కో విమానంలో ఒక్కో చోట ఉంటాయి. అలాంటప్పుడు చెయ్యి తప్పడం వింతేం కాదు. మార్చాల్సింది పైలట్‌ని కాదు, కాక్‌పిట్‌ని అని తేల్చారు. ఇది చదివినప్పుడు నాకు షాపు, ఆ ఇద్దరు రైతులు గుర్తొచ్చారు.

తర్వాత ఓహాయో స్టేట్ యూనివర్సిటీకి వెళ్లారు. మన సిలబస్‌లో ఉన్న ప్రయోగం 1954లో అచ్చయింది. పదహారు మంది కాలేజీ కుర్రాళ్లు, అందరూ కుడిచేతి వాటం వాళ్లే. బల్ల మీద రెండు లోహపు పట్టీలు, చేతిలో పెన్ను లాంటి పుల్ల. ఇటొకటి అటొకటి వీలైనంత వేగంగా, తప్పకుండా కొట్టాలి. పట్టీల వెడల్పు పావు అంగుళం నుంచి 2 అంగుళాలు, మధ్య దూరం 2 నుంచి 16 అంగుళాలు. తేలిందేంటంటే, దూరం రెట్టింపైనా టైమ్ రెట్టింపు కాదు, కొద్దిగా పెరుగుతుంది. దూరంతోపాటు వెడల్పూ రెట్టింపైతే టైమ్ దాదాపు మారదు. అంటే అసలు లెక్క దూరానికీ వెడల్పుకీ ఉన్న నిష్పత్తిది.

1958లో మిషిగన్ యూనివర్సిటీకి మారారు. 1965లో హఠాత్తుగా చనిపోయారు, ఇంకా అరవై కూడా రాలేదు. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్‌ని జనం ముందు చూపించింది 1968 డిసెంబర్ 9న. మెనూలు ఇంకా తర్వాత. ఆయన లా మౌస్‌కీ సరిపోతుందని 1978లో జిరాక్స్ పార్క్ వాళ్లు కొలిచి చూపించారు.

మరి మాయమయ్యే మెనూ సంగతేంటి? అక్కడ పాయింటర్ గురి చేరితే చాలదు, దారి కూడా తప్పకూడదు. ఒక లైన్ ఎత్తున్న సన్నటి సొరంగంలో అడ్డంగా వెళ్లాలి. 1997లో అకో, జాయ్ అనే ఇద్దరు ఫిట్స్ లెక్కని సొరంగాలకి పెంచారు. ఇందులో పొడవు రెట్టింపైతే టైమ్ కూడా రెట్టింపు, ఫిట్స్ లా చూపించిన దయ ఇక్కడ లేదు. దీనికి మందులు ఎప్పటి నుంచో ఉన్నాయి. విండోస్ మామూలుగా 400 మిల్లీసెకన్లు ఆగి పక్క మెనూ మారుస్తుంది. పాత మ్యాక్‌లో ఏటవాలుగా వెళ్లే చేతికి త్రికోణంలా కొంచెం చోటు వదిలేవాళ్లు. మా షాపు సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు రెండూ చెయ్యలేదు. నా మినీ ప్రాజెక్ట్ మెనూ తెరిచి చూశాను, నేనూ చెయ్యలేదు.

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు నాన్నకి ఇదంతా చెబుదామని కూర్చున్నా. మానిటర్ కింద ఒక చీటీ అంటించి ఉంది, నాన్న చేతిరాత. ముందు అడ్డంగా పోవాలి, తర్వాతే కిందికి దిగాలి అని బాణం గుర్తులతో రాసుకున్నాడు. ఎప్పుడు రాశావని అడిగితే, నువ్వు అరిచిన రోజు రాత్రే అన్నాడు. కీబోర్డ్ షార్ట్‌కట్ ఇంకో చీటీ మీద రాసి దాని కిందే అంటించి వచ్చాను. నిన్న ఫోన్‌లో అడిగాను. ఇంకా అడ్డంగానే వెళ్తున్నాడట.