రామన్ గారు పట్టుకున్న సన్న వెలుతురు

ఫిబ్రవరి 28 సైన్స్ డే. ఆ రోజు తలపాగా చుట్టుకున్న రామన్ గారి బొమ్మ ప్రతి కాలేజీలోనూ గోడకెక్కుతుంది. ఈసారి మన గోడ మీదికి ఆయన కథ కూడా ఎక్కాలని ఇది రాస్తున్నాను. నేను ఆర్ట్స్ చదువుతున్నాను, ఫిజిక్స్ లెక్కలు నన్నడగొద్దు. కానీ ఆయన కనిపెట్టిన సంగతి ఇవాళ విమానాలు ఎగిరే ఆకాశాన్ని పరీక్షించడానికి పనికొస్తోందని తెలిశాక ఊరికే ఉండబుద్ధి కాలేదు.

చంద్రశేఖర వెంకట రామన్ 1888 నవంబర్ 7న తిరుచిరాపల్లి దగ్గర తిరువానైక్కావల్‌లో పుట్టారు. ఆయనకి నాలుగేళ్ళప్పుడు నాన్నగారికి విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. కుటుంబమంతా అక్కడికి వెళ్ళిపోయింది. అలా తమిళం మాట్లాడే ఇంటి పిల్లవాడు తెలుగు ఊళ్ళో, సముద్రం పక్కన పెరిగాడు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకో భాష అంటే ఏమిటో గుడియాత్తంలో పుట్టిన నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పదకొండో ఏట మెట్రిక్యులేషన్, ఆ తర్వాత ఎఫ్.ఏ. అక్కడే పూర్తిచేసి, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చేరారు. 1904లో బి.ఏ., 1907లో ఎం.ఏ. రెండూ ఫస్టుగా పాసయ్యారు.

అంత చదివినా ఆ రోజుల్లో సైన్సు మీద బతకడం కష్టం. ఫైనాన్స్ పరీక్ష రాసి కలకత్తాలో గవర్నమెంటు లెక్కల ఆఫీసులో పెద్ద ఉద్యోగంలో చేరారు. అదే ఏడాది లోకసుందరి గారితో పెళ్ళయింది. పగలు ఆఫీసు, ఆఫీసు ముందూ తర్వాతా బౌబజార్ వీధిలోని సైన్స్ అసోసియేషన్ లాబొరేటరీ. పదేళ్ళు ఇలాగే నడిచింది. 1917లో కలకత్తా యూనివర్సిటీ ప్రొఫెసర్‌గా పిలిస్తే, జీతం తక్కువైనా ఉద్యోగం వదిలేసి వెళ్ళిపోయారు.

1921లో ఇంగ్లండు నుంచి ఓడలో తిరిగొస్తూ మధ్యధరా సముద్రం నీలాన్ని చూశారు. అది ఆకాశం నీలమే నీళ్ళలో కనపడడం అని అప్పటి పెద్దల మాట. రామన్ గారు చేతిలో ఉన్న చిన్న ప్రిజంతో పైపైన మెరిసే ఆకాశపు నీడని తీసేసి చూశారు. అయినా నీలం పోలేదు. నీటి అణువులే వెలుగుని చెదరగొట్టి ఆ రంగు తెస్తున్నాయని తేల్చారు. అక్కడి నుంచి ఏడేళ్ళు ఆయనా శిష్యులూ చేసింది ఒకటే పని: వెలుగు దేనికి తగిలితే ఎలా చెదురుతుందో చూడడం. కె.ఎస్. కృష్ణన్ గారితో కలిసి ఓ అరవై రకాల ద్రవాలు పరీక్షించారు. ద్రవంలోకి నీలం వెలుగు మాత్రం పంపించి, ఆ నీలాన్ని పూర్తిగా ఆపేసే గాజు అడ్డంపెట్టి చూశారు. ఏమీ కనపడకూడదు. కానీ చాలా సన్నగా వేరే రంగు కనపడింది. 1928 ఫిబ్రవరి 28న అది ఖాయమైంది. చెదిరిన వెలుగులో సుమారు కోటికొక వంతు మాత్రమే ఇలా రంగు మారుతుంది. ఎంత మారిందనేది అణువుని బట్టి ఉంటుంది. అంటే ఆ రంగే అణువు గుర్తు. దీనికే 1930లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దినాల్లోనే ఆయన దగ్గర చేరిన తెలుగువారు సూరి భగవంతం గారు, తర్వాత ఈ విషయం మీద వాల్తేరు నుంచి పుస్తకమే రాశారు.

ఇక్కడ మన కాలేజీలో చెప్పుకోవాల్సిన మాట ఒకటుంది. 1933లో రామన్ గారు బెంగళూరు ఇన్‌స్టిట్యూట్‌కి డైరెక్టరయ్యారు. అదే ఏడు బొంబాయి నుంచి కమలా భాగవత్ అనే అమ్మాయి, బి.ఎస్సీ.లో ఫస్టు వచ్చి, అక్కడ సీటు అడిగింది. ఆడపిల్ల అని ఆయన కాదన్నారు. ఆమె వదల్లేదు. చివరికి ఏడాది పరీక్షగా, షరతుల మీద చేర్చుకున్నారు. ఆమె పని చూశాక ఒప్పుకున్నారు. కోటిలో ఒక వంతు వెలుగుని వదలకుండా పట్టుకున్న కన్ను, ఎదురుగా నిలబడ్డ అమ్మాయిని చూడ్డానికి ఏడాది తీసుకుంది. ఆయన్ని తక్కువ చెయ్యడానికి కాదు, ఇది వదిలేస్తే కథ సగమే అవుతుందని రాస్తున్నాను.

1940లో అన్నా మణి వచ్చారు. ఆయన లాబ్‌లోనే వజ్రం, కెంపు వెదజల్లే వెలుగుని పరీక్షించారు. ఒక్కో ఫోటో ప్లేటు పదిహేను, ఇరవై గంటలు పెట్టాలి. రాత్రిళ్ళు లాబ్‌లోనే పడుకునేవారు. అయిదు పరిశోధన వ్యాసాలు అచ్చయినా, ఎం.ఎస్సీ. లేదని డాక్టరేట్ ఇవ్వలేదు. ఆవిడ లండన్ వెళ్ళి వాతావరణ పరికరాలు నేర్చుకుని, తిరిగొచ్చి మన వాతావరణ శాఖలో చేరి, గాలిలో ఓజోన్ కొలిచే పరికరం ఇక్కడే తయారు చేయించారు. ఇంకో సంగతి, 1960లో ప్రపంచంలో మొట్టమొదటి లేజర్ పుట్టింది కెంపులోంచే.

లేజర్ వచ్చాక రామన్ గారి సన్న వెలుతురుకి బలం వచ్చింది. లేజర్ వెలుగు తునకని ఆకాశంలోకి వదులుతారు. అది దుమ్ముకో, పొగకో, బూడిదకో తగిలి కాస్త వెనక్కి వస్తుంది. సెకనులో లక్షో వంతులో తిరిగొస్తే అది 1.5 కిలోమీటర్ల ఎత్తులో ఉందని లెక్క. దీన్ని లైడార్ అంటారు, రాడార్‌కి చెల్లెలు అనుకోండి. పైకి పంపింది 532 నానోమీటర్ల ఆకుపచ్చ అయితే, వెనక్కొచ్చేది దాదాపు అంతా ఆకుపచ్చే. కానీ నత్రజని అణువుకి తగిలి రంగు మారింది 607 దగ్గర నారింజగా, నీటి ఆవిరికి తగిలింది 660 దగ్గర ఎర్రగా వస్తుంది. గాలిలో నత్రజని ఎంతుందో ముందే తెలుసు. కాబట్టి దాని నారింజ వెలుగు ఎంత తగ్గిందో చూస్తే మధ్యలో అడ్డమొచ్చిన పొగ ఎంత దట్టమో తెలుస్తుంది.

ఇది విమానాలకి ఎందుకంటారా? 1982లో జావా మీదుగా పోతున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం అగ్నిపర్వతం బూడిదలోకి వెళ్ళింది. నాలుగు ఇంజిన్లూ ఆగిపోయాయి. కిందికి జారుతూ ఉండగా మళ్ళీ అంటుకుని జకార్తాలో దిగింది. పొడి బూడిద విమానంలోని వాతావరణ రాడార్‌కి కనపడదు. లైడార్‌కి కనపడుతుంది. 2010లో ఐస్‌లాండ్ బూడిద యూరప్ మీద పరుచుకుని విమానాలు ఆగినప్పుడు, అది ఏ ఎత్తులో ఎంత ఉందో నేల మీది లైడార్లు కొలిచాయి. అంత దూరం ఎందుకు, భోగి పొగకి చెన్నైలో విమానాలు ఆలస్యమైన ఏళ్ళున్నాయి. మన వేలూరు పక్కన అబ్దుల్లాపురంలోనూ ఒక రన్‌వే ఉంది. ఎక్కడ దిగే విమానానికైనా మబ్బు ఎంత కిందికుందో, గాలి ఎంత తేటగా ఉందో తెలియాల్సిందే.

రామన్ గారు 1970 నవంబర్ 21న బెంగళూరులో పోయారు. ఇక్కణ్ణించి చిత్తూరు దాటి తిరుపతికి పోయే దారిలో గాదంకి అనే ఊరుంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధనాలయంలో 1998 నుంచి ఆకుపచ్చ లేజర్ ఆకాశాన్ని చూస్తోంది. బి.ఎస్సీ. ఫిజిక్స్ అక్కలు ఎవరైనా అక్కడికి వెళ్ళి పని నేర్చుకోవాలనుకుంటే, షరతులు అడిగేవాళ్ళు ఎదురైతే, కమల గారినీ అన్నా మణి గారినీ తలుచుకోండి. ఈ సైన్స్ డేకి తలపాగా బొమ్మ పక్కన వాళ్ళిద్దరి బొమ్మలు నేను గీస్తాను. రంగులెవరైనా తెచ్చిపెడితే చాలు.