భావిప్రభువునకు బోధింపదగిన నీతి : శ్రీకృష్ణదేవరాయల జీవితము

ప్రభుత్వము చేయబోవువానికి ముందుగా ఏమి నేర్పవలెనను ప్రశ్న మన శాస్త్రములకు క్రొత్తది కాదు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమును వినయాధికారికముతోనే ఆరంభించెను. కామందకుడు ఆ శాస్త్రసారమును శ్లోకములలో సంగ్రహించెను. విష్ణుశర్మ చదువురాని రాజపుత్రుల కొఱకు కథలనల్లెను. తెలుగున బద్దెన నీతిశాస్త్రముక్తావళిని, మడికి సింగన సకలనీతిసమ్మతమును సంతరించిరి. అయితే మహాసామ్రాజ్యమును తానే నడపి, యుద్ధముల గెలిచి, మంత్రుల నియమించి, పన్నులు వసూలు చేయించి, ఆ అనుభవమును ప్రబంధమధ్యమున నీతిబోధగా నిలిపిన కవి మనకు శ్రీకృష్ణదేవరాయలు.

నా పూర్వశిష్యుడొకడు ఇప్పుడు యాజమాన్యశాస్త్రమును బోధించుచున్నాడు. రేపు పదిమందిపై అధికారము వహింపబోవు విద్యార్థులకు మన గ్రంథములనుండి ఏవి చెప్పదగినవని అతడు నన్నడిగెను. ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమును చెప్పుమని వెంటనే బదులిచ్చితిని. తరువాత ఆ భాగమును మరల చదివినపుడు నా సమాధానము సగమే అనిపించినది. నీతి చెప్పినవాని జీవితమును ప్రక్కన నుంచుకొని చదివిననే ఆ బోధ సంపూర్ణమగును. ఈ వ్యాసము ఆ మిగిలిన సగమును పూరించు ప్రయత్నము.

రాయలు తుళువ నరసనాయకునకు నాగలాంబయందు జన్మించెను. అన్న వీరనరసింహరాయల అనంతరము 1509లో రాజ్యమునకు వచ్చెను. హంపీ విరూపాక్షాలయమునందలి శాసనము ఆయన పట్టాభిషేకోత్సవ సందర్భమున జరిగిన రంగమంటప నిర్మాణమును తెలుపుచున్నది. రాజ్యప్రాప్తినిగూర్చి పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ ఒక కథను వ్రాసియుంచెను. మరణశయ్యపైనున్న వీరనరసింహుడు తన కుమారునకు రాజ్యము దక్కవలెనని తమ్ముని కన్నులు తీయింపుమని ఆజ్ఞాపింపగా, సాళువ తిమ్మరుసు మేకకన్నులు చూపి కృష్ణరాయని కాపాడెనట. ఇది కర్ణాకర్ణికగా వచ్చినదే కావచ్చును. కాని ఆ కాలమున సింహాసనమునకు చేరువగా పుట్టుట ఎంత ప్రమాదకరమో అది చెప్పకయే చెప్పుచున్నది. ఆ కథలోని కన్నుల మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక.

రాజైన తొలి సంవత్సరములలోనే రాయలు ఉమ్మత్తూరు పాలకుని తిరుగుబాటును అణచి శివనసముద్రమును లోబఱచుకొనెను. పిమ్మట తూర్పుదిక్కుగా గజపతిపై దండెత్తెను. దీర్ఘకాలము ముట్టడి సాగిన మీదట 1514లో ఉదయగిరి లొంగినది. 1515లో కొండవీడు చిక్కినది. ప్రతాపరుద్రగజపతి కుమారుడైన వీరభద్రుడు అచట బందీ అయ్యెను. తరువాత కొండపల్లిని గెలిచి, కళింగములోనికి చొచ్చుకొనిపోయి, 1516లో సింహాచలమున స్వామిని సేవించి శాసనము వేయించెను. తుదకు సంధి కుదిరినది. రాయలు గజపతి కుమార్తెను వివాహమాడి, కృష్ణకు ఉత్తరముననున్న భూములను మామకు తిరిగి యిచ్చివేసెను. గెలిచినదంతయు పట్టుకొని కూర్చుండుట నిర్వాహకత్వము కాదనియు, నిలుపుకొనగలిగినంత వఱకే విస్తరింపవలెననియు ఈ సంధివలన మనము గ్రహింపవచ్చును.

ఈ కళింగయాత్రలోనే కృష్ణాతీరమునందలి శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువు స్వప్నమున సాక్షాత్కరించి, గోదాదేవి కథను తెలుగున రచింపుమని ఆదేశించెనని రాయలు కావ్యావతారికలో చెప్పుకొనెను. అట్లు పుట్టిన ఆముక్తమాల్యదలో యామునాచార్య వృత్తాంతము ఒక ఉపకథ. వాదమున గెలిచి రాజ్యము సంపాదించిన యామునుడు భోగములలో మునిగియుండగా శ్రీరామమిశ్రుడు ఆయనను మేల్కొలిపెను. విరక్తుడై రాజ్యమును కుమారునకు అప్పగించి వెడలిపోవుచు ఆ తండ్రి చేసిన బోధయే మనము చెప్పుకొనుచున్న రాజనీతి. సందర్భమును గమనింపుడు. ఉపదేశించువాడు పదవిని విడుచుచున్నాడు. వినువాడు పదవిని ఎక్కుచున్నాడు. అధికారమును పట్టుకొని వ్రేలాడువాడు వారసునకు ఏమియు నేర్పలేడని కవి ఈ సన్నివేశకల్పనముచేతనే సూచించెను.

ఆ బోధనుండి నేటివారికి చెప్పదగినవి ఐదింటిని ఏరుచున్నాను.

మొదటిది పదవుల పెంపునుగూర్చినది. అల్పుని ఒక్కసారిగా పెద్దచేసి, తరువాత తగ్గించినచో, వాడు తన వెనుకటి స్థితిని మఱచి, తగ్గినదానినే తలచుకొని పగవాడగును. కనుక శీలమును పరీక్షించుచు క్రమక్రమముగా పెంచవలెను. మనుష్యస్వభావమునుగూర్చి ఇంతకన్న సూక్ష్మమైన పరిశీలనము అరుదు.

రెండవది ప్రజలనుగూర్చినది. బాధలు పడలేక ఊరు విడిచిపోయిన రైతులను తిరిగి పిలిపింపక, వారి పశువులను ధాన్యమును అమ్ముకొనజూచు అధికారి యున్న రాజునకు సప్తద్వీపములు చేతబడినను మేలు కలుగదు. వెళ్లిపోయినవాడు ఎందుకు వెళ్లెనో అడుగని పెత్తనమునకు ఇదియే శాస్తి.

మూడవది ధనమునుగూర్చినది. దేశము చిన్నదైనచో చెఱువులు కాలువలు పెంచి, పేదరైతునకు పన్నులో వెసులుబాటు కల్పించినచో ధర్మమును అర్థమును రెండును వృద్ధిపొందును. వచ్చిన ఆదాయమును నాలుగు భాగములుచేసి, ఒకటి దానభోగములకు, రెండు సైన్యపోషణకు, ఒకటి బొక్కసమునకు వినియోగింపవలెను.

నాలుగవది వర్తకమునుగూర్చినది. రేవులను బాగుచేసి, దూరద్వీపములనుండి ఏనుగులను గుఱ్ఱములను తెచ్చు వర్తకులకు నివాసములు, దర్శనము, తగిన లాభము కల్పింపవలెను. లేనిచో ఆ సరకు శత్రువును చేరును. 1510లో గోవా పోర్చుగీసువారి చేతికి చిక్కిన పిదప గుఱ్ఱముల రాకపోకలు ఎవరి అదుపులోనున్నవో ఎఱిగినవానికి ఈ మాటలోని అవసరము తెలియును.

ఐదవది దండనమునుగూర్చినది. మరణదండన పొందినవానికి మూడుమాఱులు విన్నవించుకొను అవకాశమీయవలెను. విడిచినచో రాజునకే ముప్పు తెచ్చువాని విషయము మాత్రము దీనికి మినహాయింపు.

రాయలు వీనిని పద్యములకే పరిమితము చేయలేదు. రమారమి 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పేస్ అను పోర్చుగీసువాడు ఆయన దినచర్యను కన్నులకు కట్టినట్లు వర్ణించెను. తెల్లవాఱకముందే లేచి, నువ్వులనూనె త్రాగి, ఒడలికి పట్టించుకొని, బరువులెత్తి, కత్తిసాము మల్లయుద్ధము చేసి, గుఱ్ఱపుస్వారి ముగించి, స్నానము పూజ అయిన తరువాత అధికారులతో రాజకార్యములకు కూర్చుండెడివాడట. నాగలాపురమును నిర్మించి, దానికై పెద్ద చెఱువును త్రవ్వించెను. ఆ పనిలో పదునైదు ఇరువది వేలమందిని తాను చూచితినని పేస్ వ్రాసెను. రాయల కోరికపై గోవానుండి పోర్చుగీసు శిల్పి ఒకడు వచ్చి ఆ పనులలో పాల్గొనెను. ఆ నీటిక్రింద సాగుచేయువారికి తొమ్మిదేండ్లు పన్నులేకుండ భూములిచ్చెనని న్యూనిజ్ చెప్పుచున్నాడు. చెఱువులు కాలువలు పెంపుమన్న బోధకు ఇదియే ఆచరణము.

యోగ్యుల నియామకమునకు తిమ్మరుసే నిదర్శనము. ఏబదికి డెబ్బదికి నడుమ వయస్సు, శాస్త్రజ్ఞానము, అధర్మభీతి గలవాడు మంత్రి కావలెనని రాయల మతము. తిమ్మరుసు కేవల రాజ్యతంత్రజ్ఞుడు కాడు. అగస్త్యుని బాలభారతమునకు మనోహరవ్యాఖ్య రచించిన పండితుడు. కొండవీటిని ఏలిన ఆయన మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రి ప్రబోధచంద్రోదయ నాటకమునకు వ్యాఖ్య వ్రాసెను. రాయలును సంస్కృతమున జాంబవతీకల్యాణ నాటకమును రచించెను. శాస్త్రము చదివినవారు రాజ్యము నడపిన కాలమది.

ఇచట ఒక మాట దాచకుండ చెప్పవలసియున్నది. దుర్గములను బ్రాహ్మణులకే అప్పగింపవలెనని రాయలు బోధించెను. సామంతులు బంధువులు కోటలు చేజిక్కించుకొని తిరుగబడుచున్న ఆ యుగమున, సింహాసనముపై ఆశలేని అధికారిని వెదకుటయే దానిలోని హేతువు. హేతువును గ్రహింపవచ్చును; విధిని నేడు బోధింపరాదు. వనవాసుల స్వభావమును మట్టిగోడ కడుగుటతో పోల్చిన భావమును అట్టిదే. నేను పాఠశాలలో గురువులయొద్ద చదివినవాడను. పూర్వగ్రంథములయందు నాకు భక్తి కలదు. అయినను కాలధర్మమునకు చెందినదానిని నిత్యధర్మముగా చెప్పుట భక్తి కాదు, విద్యార్థికి ద్రోహము.

ఇక కష్టమైన భాగము. 1520లో రాయచూరు యుద్ధమున ముందువరుస చెదరి పరుగెత్తుచుండగా రాయలు తానే ముందునకు దూకి సేనను నిలిపి ఇస్మాయిల్ ఆదిల్షాను ఓడించెను. అది ఆయన కీర్తికి శిఖరము. కాని సంధికి వచ్చిన రాయబారితో, సుల్తాను వచ్చి తన పాదమును ముద్దిడవలెనని పట్టుబట్టెనని న్యూనిజ్ వ్రాసెను. ఓడినవానిని మిత్రునిగా మార్చుకొను అవకాశము చేజాఱినది. గజపతితో చూపిన నిగ్రహము ఇచట కనబడదు. గొప్ప న్యాయశీలుడని రాయలను మెచ్చిన పేస్ కూడ, ఆయనకు ఉన్నట్టుండి కోపము వచ్చునని గమనించియుండెను.

ఆ దోషమునకు ఫలము సొంతయింటనే పండినది. 1524లో రాయలు తన బాలకుమారుడు తిరుమలరాయనికి యౌవరాజ్యము కట్టెను. పద్యములలో యామునుడు చేసినదానినే తానును చేయదలచెను. కాని అనతికాలములోనే ఆ బాలుడు మరణించెను. విషప్రయోగము చేసినది తిమ్మరుసు కుమారుడని రాయలు నమ్మెననియు, మంత్రిని అతని కుమారులను చెఱసాలలోనుంచి, తుదకు కన్నులు తీయించెననియు న్యూనిజ్ కథనము. అతడు ఘటన జరిగిన పదేండ్లకు పిమ్మట విన్నది వ్రాసినవాడు. కనుక వివరములన్నియు యథాతథములని అనరాదు. అయినను తెలుగునాట తరతరములుగా తిమ్మరుసు అంధత్వకథ నిలిచియే యున్నది. ఏ మంత్రి తన కన్నులను కాపాడెనని చెప్పుకొనిరో ఆ మంత్రి కన్నులే పోయినవి. మూడుమాఱులు విన్నపము వినుమన్న ప్రభువు, పుత్రశోకములో ఎన్నిమాఱులు వినెను?

1529లో రాయలు కాలధర్మము చెందెను. తరువాత సింహాసనమెక్కినవాడు సోదరుడు అచ్యుతదేవరాయలు. దాయాదులవలన భయమున రాయలు ఆయనను చంద్రగిరిదుర్గమున నిర్బంధించియుంచెను. రాజనీతినంతయు పద్యములలో పోసిన ప్రభువు తరువాతి ప్రభువునకు దుర్గపు గోడలనే చూపెను. యామునుని కుమారునకు తండ్రి నోట దక్కిన ఉపదేశము అచ్యుతునకు దక్కలేదు. అల్లుడు రామరాయని వర్గముతో కలహములు మొదలైనవి. 1565 నాటి వినాశమునకు కారణములు పెక్కులు గలవు గాని, ఇంటిపోరు అందొకటి.

ఇప్పుడు నా శిష్యునకు పూర్తి సమాధానమీయగలను. క్రమముగా పెంచుట, విడిచిపోయినవానిని విచారించుట, ఆదాయమును విభజించుకొనుట, వర్తకుని ఆదరించుట, దండించుటకు ముందు మరల వినుట అను ఐదును తప్పక బోధింపుము. కాని వానితోపాటు తిమ్మరుసు కథను, అచ్యుతుని నిర్బంధమును చెప్పుము. సూత్రములు ఎఱిగినంతమాత్రమున కోపము భయము తొలగవనియు, ఆ రెండు ఘడియలలో సూత్రము నోటికి వచ్చునంతగా అభ్యాసము కావలెననియు తెలియజెప్పుము. కౌటిల్యుడు శాస్త్రమునకు ముందు ఇంద్రియజయమును కోరినది ఇందుకొఱకే. మన ప్రాచ్యకళాశాలలలో ఆముక్తమాల్యదను అలంకారములకొఱకే చదివించుచున్నాము. ఆ చతుర్థాశ్వాసమును రాయల జీవితముతో కలిపి ఒక్కసారియైన పాఠము చెప్పినచో, రేపు అధికారము వహింపబోవు విద్యార్థి ఎవడైన ఒకడు, ఎవరిపైననో చాడి విన్ననాడు, రెండవమాఱు విచారించును. ఉపాధ్యాయునకు అంతకన్న ఫలము వేఱొకటి లేదు.