బాక్సర్ తూటా నేర్పిన పాఠం
భిలాయ్ ఉక్కు కర్మాగారం మెషిన్ షాపులో ఏళ్ల తరబడి పనిచేసిన నాకు బిగుసుకున్న బుష్షును ఊడదీయడం మామూలు పని. అదే చిక్కు తుపాకీలో వస్తే ప్రాణాలే పోతాయి. ఎడ్వర్డ్ బాక్సర్ (1822-1898) జీవితం చదివాక నాకు బోధపడిన సంగతి ఇది.

బాక్సర్ బ్రిటిష్ సైనికాధికారి. వూలిచ్ ఆయుధాగారంలోని రాయల్ లేబొరేటరీకి అధిపతి. 1866లో స్నైడర్ రైఫిల్ కోసం పలుచని ఇత్తడి రేకు చుట్టి, అడుగున ఇనుప బిళ్ల అమర్చిన తూటా రూపొందించారు. మార్టినీ-హెన్రీ రైఫిల్‌కూ ఆ తరహా తూటాలే వాడారు. 1885లో సూడాన్‌లోని అబూ క్లియా పోరులో, వేడికీ ఇసుకకూ ఖాళీ తొడుగులు రైఫిళ్లలో ఇరుక్కుపోయాయి. శత్రువు మీదికొస్తుంటే తుపాకులు మూగబోయాయి. ఆ తర్వాత ఒకే ముక్కగా సాగదీసిన గట్టి ఇత్తడి తొడుగులు స్థిరపడ్డాయి.

బాక్సర్ ప్రైమర్ మాత్రం నేటికీ నిలిచింది. అడుగున మధ్యలో ఒకే రంధ్రం ఉండటంతో పేలిన ప్రైమర్‌ను సూదితో తోసేసి, తొడుగును మళ్లీ నింపొచ్చు. మన దేశంలో ఆ పనికి లైసెన్సు తప్పనిసరి. కందెన చాలకపోతే నేటి గట్టి తొడుగూ డైలో బిగుసుకుంటుంది. సుత్తితో బాదితే డై పాడవుతుంది. ఆ రంధ్రాన్నే డ్రిల్లుతో పెద్దది చేసి, ట్యాపుతో మరలు కోసి, బోల్టు బిగించి లాగాలి. మా షాపులో బుష్షుకు చేసేదీ ఇదే.

డైలో ఇరుక్కుంటే తీరిగ్గా తీయొచ్చు. సరిహద్దులో ఆ తీరిక ఉండదు. అందుకే కొత్త తూటాను జవాను చేతికిచ్చే ముందు, వేడిలో, ఇసుకలో దాని ఖాళీ తొడుగు ఎంత తేలిగ్గా బయటికొస్తోందో పరీక్షించాలి.