అనంతుని నెఱుగగలమా?
శ్రీ రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి జీవితము

కృష్ణానది తెలంగాణమున బ్రవేశించు తావు నారాయణపేట సీమలోని తంగిడి గ్రామము. అచటనే భీమానదియు వచ్చి దానితో గలియును. ఆ రేవున కడవ ముంచు ఇల్లాలు నది పుట్టిన మహాబలేశ్వరమును జూచి యెఱుగదు. అది సముద్రమును జేరు హంసలదీవిని జూచి యెఱుగదు. ఆమె కన్నులకు గోచరించునది మిక్కిలి స్వల్పభాగము. అయినను ఆమె కడవలోనిది కృష్ణాజలము గాదని యెవ్వ రనగలరు? నది నంతయు కడవలో నింపితినని ఆమెయు ననదు. పరిమితుడైన మానవుడు అపరిమితుడగు పరమేశ్వరుని నెఱుగగలడా యను ప్రశ్న తలయెత్తినపుడెల్ల నాకు ఆ రేవు జ్ఞప్తికి వచ్చుచుండును. కాని యీ యుపమానమున నొక లోపము గలదు. దానిని ముందు జెప్పెదను.

ఆ నది కడలి గలియు సీమలోని మచిలీపట్టణమున 1862 అక్టోబరు 1వ తేదీన వేంకటరత్నము నాయుడుగారు జన్మించిరి. తండ్రి అప్పయ్య నాయుడుగారు సైన్యమున సుబేదారు. కుమారుని బాల్యవిద్య హైదరాబాదు నగరమున జరిగెను. పిమ్మట ఆయన ఉన్నతవిద్యకై చెన్నపట్టణము చేరి, అచటి క్రైస్తవ కళాశాలలో విలియము మిల్లరుగారికి శిష్యులైరి. మిల్లరుగారు స్కాట్లండునుండి చెన్నపట్టణమునకు వచ్చినదియు ఆ 1862లోనే. ఆ యేటనే ఇంగ్లండున హెర్బర్టు స్పెన్సరు తన తత్త్వగ్రంథమును బ్రకటించి, జగత్తునకు మూలమైన సత్యము మానవబుద్ధికి ఎన్నటికిని తెలియరానిదని తీర్మానించెను.

ఈ తీర్మానమునకు వలయు సామగ్రిని స్పెన్సరు ఒక నాస్తికుని యొద్దగాక క్రైస్తవ పురోహితుని యొద్దనే సంపాదించుట వింతగా దోచును. 1858లో ఆక్స్‌ఫర్డున మాన్సెలు అను పండితుడు ప్రసంగములు చేసి, మనబుద్ధి పరిమితము గనుక అనంతుని స్వరూపమును దెలియ నేరదనియు, అందుచే వేదగ్రంథమున జెప్పినదానిని బుద్ధితో విమర్శింపక యంగీకరింపవలె ననియు వాదించెను. దైవము దయాళువని మన మనునపుడు, ఆ దయ మన దయవంటిదే యని నిశ్చయించుటకు మనకు అధికారము లేదని ఆయన మతము. ఆయన కోరినది బైబిలును గాపాడుట. స్పెన్సరు ఆ వాదముయొక్క పూర్వార్ధమును గైకొని యుత్తరార్ధమును విడిచిపెట్టెను. కోటను రక్షింప దలచి త్రవ్విన కందకములో కోటయే కూలినట్లయ్యెను.

నే నిందాక జెప్పిన లోప మిచటనే యున్నది. కడవలోని నీరును నదిలోని నీరును ఒకే జాతివి. మానవుని మంచితనమును దైవముయొక్క మంచితనమును ఒకే జాతివని యెట్లు చెప్పగలమని మాన్సెలు ప్రశ్న. దీనికి 1865లో జాను స్టూవర్టు మిల్లు సమాధాన మొసగెను. దైవముయొక్క మంచితనము మన మెఱిగిన మంచితనము గానియెడల దాని నాపేరున బిలుచుట మాటలతో మోసగించుటయే యనియు, అట్టివానిని బూజింప దనకు సమ్మతము గాదనియు ఆయన వ్రాసెను. మిల్లు ఆస్తికుడు గాడు. అయినను ఈ విషయమున ఆస్తికులకు ఆయన చేసిన యుపకారము చాలమంది పురోహితులు చేసినదానికంటె మిన్న యని నా యభిప్రాయము.

క్రైస్తవులలో ఈ వివాదము క్రొత్తది గాదు. నాలుగవ శతాబ్దమున యునోమియసు అనువాడు దేవుని స్వరూపమును సంపూర్ణముగ దెలిసికొనవచ్చునని గర్వించెను. బాసిలును, ఆయన తమ్ముడైన నిస్సా గ్రెగొరీయును అతని ఖండించి, దేవుని స్వరూప మగోచరమనియు, ఆయన క్రియలవలననే ఆయనను కొంతకు గొంత దెలియుదు మనియు నిర్ణయించిరి. చూచుట వేఱు, చుట్టుకొని పట్టుకొనుట వేఱు. మన యుపనిషత్తులును ఒకచోట వాక్కు మనస్సుతోగూడ వెనుదిరుగునని చెప్పి, ఆ వెంటనే ఆ యానందము నెఱిగినవానికి భయము లేదని చెప్పుచున్నవి గదా!

మిల్లరుగారి కళాశాలలో బైబిలుపాఠము విద్యార్థుల కందఱకును విధింపబడియుండెను. అచట క్రైస్తవు లిచ్చు సమాధాన మిది: అనంతునియొద్దకు మన మెక్కిపోలేము గనుక ఆయనయే యేసుక్రీస్తునందు మనయొద్దకు దిగివచ్చెను. ఈ మాట యువకుడైన నాయుడుగారి హృదయమును దాకక పోలేదు. మిల్లరుగారిని ఆయన జీవితాంతము గురువుగ భావించిరి. క్రీస్తునెడ భక్తిని విడువలేదు. కాని క్రైస్తవమతమున జేరలేదు. చెన్నపట్టణమున అప్పటికే బ్రహ్మసమాజము గలదు. 1864లో వేదసమాజముగ బుట్టినదానిని 1871లో మన తెలుగువారగు శ్రీధరులు నాయుడుగారు బ్రహ్మసమాజముగ మార్చి, 1874లో అకాలమృత్యువు వాతబడిరి. వేంకటరత్నము నాయుడుగారు ఆ సమాజమార్గము నవలంబించిరి. ఆ దినములలో మతమును మార్చుకొనుట యెంతటి సంక్షోభమునకు గారణమగుచుండెనో, 1888లో ఒక విద్యార్థి క్రైస్తవుడు గానున్నాడని తెలిసి ఆ కళాశాల విద్యార్థులు చేసిన సమ్మెయే చెప్పును. నాయుడుగారు భయముచే వెనుదీసిరని మాత్ర మనరాదు. బ్రాహ్ముడగుటయు బంధువులకు రుచించు పని గాదు.

బ్రాహ్ముల యభిప్రాయమున, దైవము ఒక్క పురుషునియందే, ఒక్క కాలముననే దిగివచ్చెననుట అనంతునికి మఱియొక హద్దును గట్టుట. అంతరాత్మయం దెల్లరకును ఆయన కొంత గోచరుడు. క్రీస్తునందు మిక్కిలి గోచరుడు. దీనికి క్రైస్తవులు చెప్పు ప్రత్యుత్తరమును దాచుట న్యాయము గాదు. అంతరాత్మనే ప్రమాణముగ గొన్నచో, మన కిష్టమైన గుణములను పెద్దవిజేసి వానికే దైవమని పేరిడుదు మేమో యని వారి శంక. ఇది త్రోసివేయదగిన శంక గాదు. ఒకని యంతరాత్మ తన సుఖమును, తన కులమును దాటి పలుకునప్పుడు మాత్రమే అది తనకంటె గొప్పవాని పలుకని నమ్మవచ్చును. నాయుడుగారి జీవితము నేను విలువగ నెంచుట యిందుచేతనే.

1889లో ఆయన భార్య గతించెను. అప్పటి కాయనకు మూడుపదులైనను నిండలేదు. మరల వివాహ మాడక, తెల్లని వస్త్రములనే ధరించుచు, శేషజీవితమును బ్రహ్మచర్యమున గడపిరి. దైవముయొక్క దయ మన దయవంటిది గాదని చెప్పుట మాన్సెలునకు ఉపన్యాసవేదికపై సులభము; చితియొద్ద నిలిచినవానికి ఆ మాట యేమి యోదార్పు నొసగును? దయ యనగా దయయే యని నమ్మి ఆ నమ్మకముతో యాబదియేండ్లు బ్రతుకుట వేఱొక విధమైన సాహసము.

పిమ్మట ఆయన మచిలీపట్టణమున నోబిలు కళాశాలలో బోధించిరి. అది క్రైస్తవ మిషనువారిది, బోధకుడు బ్రాహ్ముడు. పట్టాభి సీతారామయ్యగారు అచట వారి శిష్యులు. 1899 మొదలు 1904 వఱకు సికిందరాబాదు మహబూబు కళాశాలకు అధ్యక్షులై, అటుపిమ్మట కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు వచ్చి, 1919 వఱకు ప్రిన్సిపాలుగ నుండిరి.

కాకినాడలో ఆయన చేసినవి పెక్కు. బాలికలను కళాశాలలో బాలురతోబాటు చేర్చుకొనిరి. అస్పృశ్యులని దూరమున నుంచబడిన కులముల బాలురను తక్కిన వారిసరసనే కూర్చుండబెట్టిరి. పిఠాపురము మహారాజుగారి సాహాయ్యమున ఆ బాలురకు వసతిగృహమును, అనాథలకు శరణాలయమును వెలసినవి. మద్యపానమును, భోగముమేళములను ఆయన తీవ్రముగ నిరసించుటచే, పెండ్లిండ్లలో మేళము పెట్టించు పెద్దమనుష్యు లెందఱో వారిని జూచి మొగము చాటుచేసికొనిరి. పిలిచినచోటికి పోయి మేళము చూచి వచ్చు సంస్కర్తలు ఆనాడును గలరు; వారిలో ఈయన చేరలేదు.

ఒక్క విషయము చింతింపదగియున్నది. శిష్యులు ఆయనను బ్రహ్మర్షి యని పూజించిరి. మానవుని బూజింపరాదను మతమునకు ఇది తగునా? గోచరమైనవానియందే అగోచరుని వెదకు మానవస్వభావము బ్రాహ్ములను సైతము విడువదని దీనివలన దెలియును; ఈ విషయమున క్రైస్తవులను మనము పరిహసింపజాలము.

1924లో ప్రభుత్వమువారు సర్ బిరుదము నొసగిరి. 1925 మొదలు 1928 వఱకు మదరాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగ నుండిరి. గురువగు మిల్లరుగారు 1923లో ఎడింబరో నగరమున క్రైస్తవుడుగనే గతించిరి. శిష్యులు 1939 మే 26వ తేదీన బ్రాహ్ములుగనే పరమపదించిరి.