వంతెన కదిలితే భయపడాలా? - ఆత్మార్ అమ్మాన్ జీవితకథ

జార్జి వాషింగ్టన్ బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో కారు ఆగినప్పుడు, పక్కనుంచి పెద్ద ట్రక్కు వెళితే కింద రోడ్డు మెల్లగా ఊగినట్టు అనిపించడం న్యూజెర్సీలో ఉండే మనవాళ్ళకి అనుభవమే. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలైతే ఇది కూలదు కదా అని కంగారు పడతారు కూడా. వంతెన కదులుతున్న మాట నిజమే, కానీ అది కదిలేలాగే కట్టారు. కట్టినాయన పేరు ఆత్మార్ అమ్మాన్. ఫ్లషింగ్ గణపతి గుడికి ఉత్తర న్యూజెర్సీ వాళ్ళు ఈ వంతెన మీదుగా వెళితే, ఎడిసన్ వైపు వాళ్ళు వెర్రజానో వంతెన మీదుగా వెళతారు. అదీ ఆయనదే.

అమ్మాన్ 1879లో స్విట్జర్లాండ్‌లో షాఫ్‌హౌజెన్ దగ్గర పుట్టారు. జ్యూరిక్‌లో సివిల్ ఇంజనీరింగ్ చదివి 1904లో అమెరికా వచ్చారు. మనలో చాలామందిలాగే ఇక్కడ ఇరవై ఏళ్ళు గడిచాక, 1924లో పౌరసత్వం తీసుకున్నారు. 1907లో కెనడాలో కడుతుండగానే క్విబెక్ వంతెన కూలి 75 మంది పనివాళ్ళు చనిపోయారు. ఆ ప్రమాదం మీద జరిగిన పరిశీలనలో ఆయన పనిచేశారు. లెక్క తప్పితే ఏమవుతుందో ఆయన చిన్న వయసులోనే చూశారన్నమాట.

1931లో ప్రారంభమైన జార్జి వాషింగ్టన్ వంతెన రెండు టవర్ల మధ్య దూరం 3,500 అడుగులు. అప్పటి రికార్డుకి దాదాపు రెట్టింపు. అంత పొడవు వంతెనకి రోడ్డు వంగకుండా పట్టి ఉంచే ట్రస్సు కూడా ఉండాలని అప్పటిదాకా అందరి నమ్మకం. కేబుళ్ళ బరువు, రోడ్డు బరువే దాన్ని నిలకడగా ఉంచుతాయని అమ్మాన్ లెక్కగట్టారు. ఆ లెక్క నిజమైంది. ట్రస్సు 1962లో కింది అంతస్తుతో పాటే వచ్చింది.

ఆ విజయం చూసి వంతెనలు ఇంకా సన్నబడ్డాయి. 1939లో అమ్మాన్ కట్టిన బ్రాంక్స్-వైట్‌స్టోన్ వంతెనకి ట్రస్సు బదులు 11 అడుగుల ఎత్తు గర్డర్లే పెట్టారు. 1940 జులైలో వాషింగ్టన్ రాష్ట్రంలో టకోమా వంతెన తెరిచారు. దాని గర్డర్లు 8 అడుగులే. నవంబర్ 7న గంటకి సుమారు 40 మైళ్ళ గాలికే అది మెలికలు తిరిగి నీళ్ళలో పడిపోయింది. మనుషులెవరూ పోలేదు, కారులో చిక్కుకున్న ఒక కుక్క పోయింది.

దర్యాప్తుకి వేసిన ముగ్గురిలో అమ్మాన్ ఒకరు. ఆయన సొంత వంతెన కూడా అదే కోవలోది, గాలికి ఊగుతున్నది. అయినా 1941 నాటి నివేదిక విషయాన్ని దాచలేదు. నిందను ఒక్క మనిషి మీద వేయకుండా, కదిలే గాలి చేసే పనిని ఇంజనీర్లందరూ సరిగా అంచనా వేయలేదని తేల్చింది. వైట్‌స్టోన్‌కి 1940లోనే అదనపు కేబుళ్ళు, 1946లో ట్రస్సులు బిగించారు.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. మా పనిలో లోపం కనబడితే రాత్రికి రాత్రే ప్యాచ్ వేస్తాం. జనం రోజూ నడిచే వంతెన విషయంలో, దాన్ని కట్టినవాడే లోపాన్ని ఒప్పుకుని సరిచేయడం ఎంత కష్టమో ఆలోచించండి. నాకు అమ్మాన్ మీద గౌరవం ఆయన రికార్డుల వల్ల కాదు, ఇందువల్లే.

ఆయన చివరి పెద్ద వంతెన వెర్రజానో, 1964లో తెరిచారు. టవర్ల మధ్య 4,260 అడుగులు. 1981 వరకూ ప్రపంచంలో అదే పొడవైనది. ఎండాకాలంలో ఉక్కు కేబుళ్ళు సాగి, మధ్యలో రోడ్డు చలికాలం కంటే సుమారు 12 అడుగులు కిందికి దిగుతుంది. ఈ సంగతి ముందే లెక్కలో ఉంది. టైర్ల కింద టకటకమనే అతుకుల్లోని సందులు కూడా ఉక్కు సాగడానికి వదిలినవే. కదలనివ్వకుండా బిగిస్తే ఉక్కు ఎక్కడో ఒకచోట విరుగుతుంది.

ప్రారంభోత్సవ సభలో ఆయన్ని లేచి నిలబడమన్నారు గానీ, పేరు చెప్పడం మరిచిపోయారు. మరుసటి ఏడాది, 1965 సెప్టెంబర్‌లో, 86వ ఏట ఆయన కన్నుమూశారు.

మరి వంతెనలు ఎంతవరకు క్షేమం? అమ్మాన్ పోయిన రెండేళ్ళకి, 1967లో, ఒహాయో నది మీద సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది పోయారు. దాని తర్వాతే దేశమంతటా వంతెనలని సాధారణంగా రెండేళ్ళకోసారి తనిఖీ చేసే పద్ధతి వచ్చింది. కాబట్టి వంతెన కదిలినందుకు భయపడక్కర్లేదు. దాన్ని చూసేవాళ్ళు చూడటం మానేస్తేనే భయపడాలి.